రోడ్డుకు ఇవతల పాటల దుకాణం

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి చెబుతాను. చేవెళ్లలో పాటల క్యాసెట్ల దుకాణం నడిపిన మా పెద్దబాపుకు, అంటే మా బాపు అన్నకు, చెవులు వినపడేవి కావు. ఆ సంగతి నాకు తెలుసు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చిన్నప్పటి నుంచి రోజూ డైరీ రాసే అలవాటు ఉండి కూడా అందులో ఎక్కడా రాయలేదు. మా ఇంట్లో దాచిన వస్తువు ఏదీ దాగి ఉండేది కాదు. బియ్యం డబ్బా వెనక పెట్టిన డైరీని మా అమ్మ దుమ్ము దులిపి మళ్లీ అక్కడే పెట్టేది. ఆమెకు చదువు రాదు కానీ పక్కింటి పిల్లకు వచ్చు. అందుకని ఆ రోజుల్లో నా డైరీ నిండా "ఈ రోజు రోడ్డు మీద బండ్లు ఎక్కువ", "ఈ రోజు టిప్పర్లు చాలా తిరిగాయి" అనే ఉంటుంది. ఎవరైనా చదివితే ఈ అమ్మాయి ట్రాఫిక్ పోలీసు కావాలనుకుందేమో అనుకుంటారు.

మొన్న సాయంత్రం గచ్చిబౌలిలో మా ఆఫీసు ముందు బస్సు కోసం నిలబడ్డాను. నా ఉద్యోగం చెవులతో చేసేది. ఎక్కడో దూరదేశపు డాక్టర్లు తమ రోగుల గురించి మాట్లాడి పంపిన మాటలను హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని టైపు చేయాలి. పొద్దంతా అవి చెవులకు పెట్టుకుని, తీసేసి బయటికి వచ్చాక లోకం కాసేపు పలచగా వినిపిస్తుంది. అప్పుడే ఒక కుర్రాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లతో, ఫోన్ చూసుకుంటూ రోడ్డు మీదికి దిగాడు. వెనక నుంచి బస్సు హారన్ కొడుతూనే ఉంది. నేను అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాతో పనిచేసేవాళ్లు ఎవరికీ తెలియదు, నాకూ గుర్తులేదు. డ్రైవరు బ్రేకు తొక్కాడు. కుర్రాడు నవ్వి, చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. నేను ఆఫీసు మెట్ల మీద కూలబడ్డాను. పక్క సీటు అమ్మాయి నీళ్లు ఇచ్చి, "ఆ అబ్బాయి మీకు ఏమవుతాడు?" అని అడిగింది. ఎందుకట్లా అడిగిందో తరవాత తెలిసింది. నేను అరిచిన మాట "పెద్దబాపూ" అట.

మా ఇల్లు మొయినాబాద్‌లో. ఒకే వాకిలి, రెండు వంటిళ్లు. ఒక వంటిల్లు మాది, ఒకటి పెద్దబాపు వాళ్లది. మా బాపు టమాట, చామంతి వేసేవాడు. పెద్దబాపుకు మట్టి పని ఎన్నడూ పట్టలేదు. పడుచువాడిగా ఉన్నప్పుడు మైకు సెట్టు కొనుక్కుని పెళ్లిళ్లకు, బోనాలకు తిప్పాడు. తరవాత చేవెళ్ల బస్టాండు దాటాక, రోడ్డుకు ఇవతలి వైపు షట్టర్ల వరసలో పాటల దుకాణం పెట్టాడు. మూడు గోడలకు అద్దాల బీరువాలు, వాటిలో నిలువుగా పేర్చిన క్యాసెట్లు. కౌంటరు వెనక క్యాసెట్లు పాడించే రెండు డెక్కులు, వాటి పక్కన ఆంప్లిఫయరు. దాని మీద పాట నడుస్తున్నప్పుడు లోపల పచ్చటి వెలుతురులో సన్నని ముల్లు అటూ ఇటూ ఎగిరేది. ఎవరైనా ఖాళీ క్యాసెట్టు తెచ్చి, తమకు కావలసిన పాటలు చెబితే ఎక్కించి ఇచ్చేవాడు. దుకాణానికి వచ్చేవాళ్లలో సగం మందికి పాట పేరు తెలియదు. రాగం తీసేవాళ్లు. మార్కెట్టుకు పూలు దించి వచ్చిన రైతు, "అన్నా, మొదాలు ఈల వస్తది, ఎన్కనుంచి ఆడామె అందుకుంటది సూడు, గది గావాలె" అని గొంతు సవరించుకునేవాడు. పెద్దబాపు కళ్లు మూసుకుని రెండు వరసలు విని, వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి క్యాసెట్టు తీసేవాడు. నేను అది చిన్నప్పుడు చూశాను కాబట్టి నమ్ముతాను.

నేను చేవెళ్లలో డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఆయన కళ్లు మూసుకోవడం మానేశాడు. "నా దిక్కు మల్లి, మొదటి మాట చెప్పు తమ్మీ" అనేవాడు. చెప్పేవాళ్ల మూతి వైపే చూసేవాడు. సురంగల్ నుంచి వచ్చే పాలాయన ఒకసారి సిగ్గుపడిపోయాడు. "గట్ల సూడకే, నాకు పెండ్లి సూపులల్ల కూసున్నట్టున్నది" అన్నాడు. అందరూ నవ్వారు, పెద్దబాపు కూడా నవ్వాడు. కాస్త ఆలస్యంగా నవ్వాడు. ఆ ఆలస్యాన్ని నేను అప్పుడు పట్టించుకోలేదు. కాలేజీ అయిపోయాక బస్సు వేళ దాకా దుకాణంలో ఒక మూల స్టూలు మీద కూర్చుని లైబ్రరీ పుస్తకం చదువుకోవడమే నా పని. ఎవరైనా పలకరిస్తే పుస్తకంలోకి ఇంకాస్త వంగేదాన్ని.

అది చలికాలం, మధ్యాహ్నం దాటింది. ఫ్యాను లేదు, లైటు వేయలేదు. పెద్దబాపు డెక్కుకు వీపు పెట్టి, బీరువాలో క్యాసెట్లు తుడుస్తున్నాడు. పాట నడుస్తోంది. ఎడమ చేత్తో బీరువా చెక్క మీద తాళం వేస్తున్నాడు. కరెంటు పోయింది. పాట సగం మాటలో తెగిపోయింది. రోడ్డు మీద కూడా ఆ క్షణాన బండ్లు లేవు. ఆ నిశ్శబ్దంలో పెద్దబాపు వేళ్లు తాళం వేస్తూనే ఉన్నాయి. చరణం అయిపోయే చోట ఆగాయి, పల్లవి దగ్గర మళ్లీ మొదలయ్యాయి. నేను పుస్తకం మూసి, "పెద్దబాపూ" అన్నాను. తాళం ఆగలేదు. లేచి నిలబడి ఇంకాస్త గట్టిగా పిలిచాను. ఆయన పాట పూర్తి చేసి, గుడ్డ దులుపుకుని, ఇటు తిరిగి, ఆరిపోయిన పచ్చ వెలుతురు చూసి, "అరె, కరెంటు పోయిందా?" అన్నాడు. ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరు మనకు తెలియకుండా ఎప్పుడో వేరే ఊరికి వెళ్లిపోయి, మనిషిని మాత్రం ఇక్కడ కూర్చోబెట్టినట్టు అనిపించింది.

మరుసటి సాయంత్రమే నాకు అసలు భయం అర్థమైంది. దుకాణం రోడ్డుకు ఇవతల. మొయినాబాద్ వైపు పోయే పట్నం బస్సు ఆగేది అవతల. అవి ఐటీ కంపెనీలు పట్నానికి ఈ వైపు అద్దాల మేడలు కడుతున్న రోజులు. మా దగ్గర పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. పొలాలు అమ్మినవాళ్లు కార్లు కొన్నారు. కార్లు కొన్నవాళ్లు ఈ రోడ్డు మీదే నడపడం నేర్చుకున్నారు. వెంచర్లకు మొరం తోలే టిప్పర్లు సరేసరి. వాటికి బ్రేకుల కన్నా హారన్ మీద నమ్మకం ఎక్కువ. ఆ రోజు పెద్దబాపు టిఫిను బుట్ట పట్టుకుని నా ముందు నడుస్తున్నాడు. కుడివైపు చూశాడు, దిగాడు. ఎడమ వైపు నుంచి టిప్పరు, ముందున్న బస్సును దాటడానికి ఇటు పక్కకు వచ్చేసి, హారన్ మోగిస్తూ వచ్చింది. వినపడదని నిన్ననే తెలుసుకున్న నా నోరు "పెద్దబాపూ" అనే అరిచింది. భయపడ్డ నోటికి అంతకన్నా ఏమీ రాదు. టిప్పరు ఆయనను ఒరుసుకుంటూ పోయింది. ఆ గాలికి బుట్ట ఎగిరిపడింది, టిఫిను డబ్బా దొర్లింది. దాని మూతను టిప్పరు చక్రం చపాతీలా వత్తేసింది. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టి, "ఏందే ముసలోడా, చెవుడా?" అని అరిచాడు. అక్కడున్న వాళ్లకు అది రోజూ వినే తిట్టు. నేను మాత్రం నిజం పట్టుబడిపోయిందనుకున్నాను. పెద్దబాపు మూత తీసి, తిప్పి చూసి, బుట్టలో పెట్టుకున్నాడు. ఇంటికెళ్లాక పెద్దమ్మ మూత ఏదని అడిగితే, "కోతి ఎత్తుకపోయింది" అన్నాడు. చేవెళ్ల బజార్లో మూతలు ఎత్తుకుపోయే కోతి గురించి పెద్దమ్మ ఏమీ అడగలేదు. ఆ మూత తరవాత దుకాణంలో డెక్కు స్క్రూలు వేసుకునే పళ్లెం అయింది.

ఇంట్లో చెప్పేయవచ్చు కదా అని అడుగుతారు. అక్కడే ఉంది చిక్కు. ఆ షట్టరు ఊళ్లో పటేలుది. పటేలు తండ్రికి పాటలంటే ప్రాణం. పోయేముందు పెద్దబాపుకు నోటి మాట ఇచ్చాడు: "నువ్వు పాట పెట్టినన్ని దినాలు ఈ షట్టరు నీదేరా. ఎవ్వడు లేపడు." కాగితం లేదు, సాక్షి లేడు, అయినా మా వైపు చచ్చిపోయిన పెద్దమనిషి మాట అంటే కొడుకు కాదనలేడు. ఇప్పుడు పటేలు అల్లుడు మోకిలలో వెంచరు వేశాడు. వాళ్లకు రోడ్డు మీద ఆఫీసు కావాలి. కాదనలేని మాటకు ఒక్కటే దారి: పాట పెట్టేవాడికి పాట పెట్టడం చేతకాదని తేలాలి. చెవిటివాడి పాటల దుకాణం అని ఎవరి నోట వచ్చినా చాలు. చెబితే దుకాణం పోతుంది. దుకాణం పోతే పెద్దబాపుకు చేయడానికి ఇంకేమీ లేదు. చెప్పకపోతే రోడ్డు మీద మనిషే పోతాడేమో. ఈ రెండింటి మధ్య నేను రోజూ నిలబడి ఉండేదాన్ని, పందొమ్మిదేళ్ల వయసులో, ఒళ్లో తెరిచిన పుస్తకంతో, ఒక్క పేజీ తిప్పకుండా.

నేను చేయగలిగిందల్లా స్టూలు జరుపుకుని కౌంటరు దగ్గరికి రావడమే. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే కౌంటరు మీద పిడికిలితో గుద్దేదాన్ని. చెక్క అదిరి ఆయన చేతికి తెలిసేది, ఇటు తిరిగేవాడు. వచ్చినవాళ్లు రాగం తీస్తే, నేను విని ఆ పాట మొదటి మాట ఆయన మొహం చూసి చెప్పేదాన్ని. పరాయి మగవాళ్ల ముందు పాటల మాటలు పలకడం నాకు చెమటలు పట్టించే పని. ప్రేమ పాటలైతే మరీ. తల వంచుకుని చెబుదామంటే పెదవులు కనిపించవు. పటేలు వారానికోసారి వచ్చి కుర్చీలో కూర్చునేవాడు. ఒకసారి ఆయన గడపలో నిలబడి, గోడ వైపు తిరిగి డెక్కు విప్పుతున్న పెద్దబాపును పిలిచాడు. "ఏమే, నిన్నే. పిలుస్తుంటే పలుకవు, చెవుల దూది పెట్టుకున్నవా ఏంది?" నేను ధన్‌మని కౌంటరు గుద్దాను. పటేలు ఉలిక్కిపడ్డాడు. "బొద్దింక" అన్నాను. నా నోటికి అదే వచ్చింది. పటేలు కౌంటరు వైపు, నా వైపు చూసి, "నీ దుకాణంల పాటల కంటె బొద్దింకలే ఎక్కువున్నట్టున్నయి. దినాం గుద్దుతనే ఉంటది ఈ పోరి" అన్నాడు. పోతూ పోతూ గడపలో ఆగి, ఇటు తిరగకుండానే, మామూలు గొంతుతో, "అన్నా, చాయ్ తాగుదమా?" అన్నాడు. పెద్దబాపు స్క్రూలు ఏరుకుంటున్నాడు. పటేలు ఒక క్షణం ఆగి, వెళ్లిపోయాడు. ఆ రాత్రి నా డైరీలో బండ్ల గురించి కూడా ఏమీ రాయలేదు.

రోడ్డు సంగతికి ఆ టిఫిను పెట్టుకునే వైరు బుట్టే పనికొచ్చింది. దానికి రెండు పిడులు. "బరువున్నది పెద్దబాపూ, నేనొకటి పట్టుకుంటా" అని ఒక పిడి నేను తీసుకునేదాన్ని. ఖాళీ టిఫిను డబ్బా, ఒక తువ్వాలు, అంతే ఉండేది అందులో. బండి వస్తుంటే నా పిడి వెనక్కి లాగేదాన్ని, రోడ్డు ఖాళీ అయితే ముందుకు. ఎందుకని ఆయన ఎన్నడూ అడగలేదు. చేవెళ్లలో ఒకసారి, మొయినాబాద్‌లో దిగాక ఇంటి వైపు ఇంకోసారి, బుట్ట మోసుకుంటూ దాటేవాళ్లం. చూసినవాళ్లు దానిలో బంగారం ఉందనుకుని ఉంటారు. కానీ మధ్యాహ్నం పూట ఆయన చాయ్ కోసం ఒక్కడే అవతలికి వెళ్లేవాడు. నేను క్లాసులో ఉండేదాన్ని. మా క్లాసు కిటికీలోంచి రోడ్డు కనిపించదు, వినిపిస్తుంది. మేడమ్ పాఠం చెబుతుంటే నేను బ్రేకుల చప్పుడు వినేదాన్ని. ఎక్కడైనా టైరు కీచుమంటే పెన్ను ఆగిపోయేది. ఆ తరవాత ఎవరూ కేకలు పెట్టకపోతే మళ్లీ రాసుకునేదాన్ని. ఇప్పుడు గొణిగే డాక్టర్ల మాటలను కూడా తప్పు లేకుండా టైపు చేస్తానని ఆఫీసులో మెచ్చుకుంటారు. ఆ చదువు నాకు ఆ కిటికీ దగ్గర వచ్చింది.

మోకిలలో పటేలు అల్లుడి వెంచరు ఓపెనింగుకు మైకు సెట్టు పెద్దబాపుదే పెట్టమని పటేలు స్వయంగా వచ్చి చెప్పాడు. ఊళ్లో కొత్త సౌండు సెట్టులవాళ్లు ఉండగా ఆయన మన దగ్గరికి రావడం నాకు నచ్చలేదు. నేను కాలేజీ ఎగ్గొట్టి వెంట వెళ్లాను. "నువ్వెందుకే ఎండల?" అంది పెద్దమ్మ. తరవాత ఏమనుకుందో, "పో, తోడుండు" అంది. పెద్దమ్మ ఎప్పుడూ పెద్దబాపును భుజం తట్టే పిలిచేది. నేను అది ప్రేమ అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఇంకేమైనా కూడా కావచ్చు.

దున్నిన చేనులో సున్నపు గీతలు, రంగు జెండాలు, షామియానా. పట్నం నుంచి బస్సుల్లో కంపెనీ ఉద్యోగులను తీసుకొచ్చారు. వాళ్లు కూల్‌డ్రింకులు పట్టుకుని తమ ప్లాటు ఏ గీతల మధ్యో వెతుక్కుంటున్నారు. పెద్దబాపు ఒక బల్ల మీద ఆంప్లిఫయరు, డెక్కు పెట్టుకుని, సన్నాయి క్యాసెట్టు వేశాడు. నేను ఆడవాళ్ల వైపు కూర్చున్నాను. పంతులు మంత్రాలు అయిపోయి, పటేలు ముసలితల్లి చేత కొబ్బరికాయ కొట్టించబోతున్నారు. అప్పుడు సన్నాయి వంగింది. ముందు కొంచెం, తరవాత ఇంకొంచెం. ఎండకు క్యాసెట్టు వేడెక్కి రీలు లాగేస్తోంది. మంగళవాద్యం సాగి, సాగి, ఎవరో గుండెలు బాదుకుని ఏడుస్తున్నట్టు మైకుల్లోంచి చేను మొత్తం పరుచుకుంది. ముసలామె కొబ్బరికాయ పట్టుకుని ఆగిపోయింది. "ఏడుపేందిరా? శుభమాని ఏడుపేంది?" అంది. జనం అందరూ బల్ల వైపు తిరిగారు. పెద్దబాపు ముల్లు వైపు చూస్తున్నాడు. ముల్లు ఎప్పటిలాగే ఎగురుతోంది. ఆయన మొహంలో తృప్తి ఉంది, తాళం వేస్తున్నాడు, మామూలు సన్నాయి తాళం. పటేలు చేతులు కట్టుకుని ఆయననే చూస్తున్నాడు. కేక కూడా వేయలేదు. నాకు అప్పుడు అర్థమైంది, ఆయన ఇలాంటి దాని కోసమే మమ్మల్ని పిలిచాడని.

ఆడవాళ్ల వైపు నుంచి బల్ల దాకా ఆ జనం మధ్యలోంచి ఎట్లా నడిచానో తెలియదు. ఎవరి కాలో తొక్కాను, ఎవరి కూల్‌డ్రింకో ఒలికింది. వెళ్లి డెక్కు ఆపేశాను. ముల్లు పడిపోయింది. పెద్దబాపు తలెత్తి నన్ను చూశాడు. వెనక నుంచి ఎవరో, "చెవిటోడా ఏందిరా, వినవడ్తలేదా?" అన్నారు. నేను ఆయన వైపు తిరిగి, ప్రతి మాట పెదవులతో మలిచి, చేను అంతా వినేట్టు చెప్పాను. "వోల్టేజీ పడిపోయింది పెద్దబాపూ. జనరేటరు సక్కగ లేదు. నువ్వు ముందే చెప్పినవు గద వీళ్లకు, మోటరు తిరగదని. ఇంటలేరు." ఒక్క ఊపిరిలోనే ఆయన అంతా అందుకున్నాడు. జనం వైపు తిరిగి, చెయ్యి తిప్పి, "నేనేం జేసేది మరి? పొద్దుగాల సంది మొత్తుకుంటున్న" అన్నాడు. తక్కువ వోల్టేజీకి బోరు మోటర్లు కాలని రైతు మా వైపు ఒక్కడూ లేడు. అందరూ తలలూపారు. జనరేటరు పటేలు అల్లుడు తెప్పించింది. "అగ్గువకు దొరికిందని తెస్తే గిట్లనే ఉంటది" అని ముసలామె అల్లుడిని అందరి ముందు కడిగేసింది. జనరేటరు అతను తన తప్పేమీ లేదని ఒట్టు పెట్టుకుంటుంటే, నేను డెక్కు తెరిచి, చుట్టుకుపోయిన రీలు వదిలించి, వేరే క్యాసెట్టు వేశాను. రీలు బిగించే పెన్సిలు రెండుసార్లు నా చేతిలోంచి కింద పడింది. పటేలు దగ్గరికి వచ్చి, "నీకు నోరున్నదా బిడ్డా? నేను మూగదానివి అనుకున్న" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు నాకు చాలా రోజులు కలలోకి వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు ట్రాలీ ఆటోలో మైకు డబ్బాల మధ్య ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. ఆటో చప్పుడుకు నాకు ఆయన మాట వినిపించడం లేదు. నా మాట మాత్రం ఆయనకు చక్కగా అందుతోంది. మొదటిసారి నేను చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాల్సి వచ్చింది. అది చూసి ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. కాసేపటికి, "ఎప్పటి సంది ఎరుక నీకు?" అన్నాడు.

"కరెంటు పోయిన నాటి సంది."

"కరెంటు దినాం పోతది గదనే" అన్నాడు. తరవాత, "ఇంట్ల చెప్పినవా?" అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన తృప్తిగా తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని, "రోడ్డు దాటుతుంటే నాకు భయమైతది పెద్దబాపూ" అన్నాను. ఆయన నా నోటి వైపు చాలాసేపు చూశాడు, మాట అందలేదేమో అనుకున్నాను. మళ్లీ చెప్పబోతుంటే చెయ్యి ఎత్తి ఆపాడు.

"నాకు గూడ అయితది" అన్నాడు.

ఆయనకు భయం లేదనుకున్నన్నాళ్లు నా భయానికి ఒక గోడ ఉండేది. ఆ మాటతో అదీ పోయింది.

డిగ్రీ అయిపోయాక ఈ డాక్టర్ల మాటలు టైపు చేసే పనికి పట్నంలో శిక్షణ ఇస్తున్నారని తెలిసింది. పరీక్షలో హెడ్‌ఫోన్లు పెట్టి ఏదో వినిపించారు. నేను అంతా రాశాను, గదిలో ఎక్కడో మోగిన ఫోను సంగతి కూడా రాసేశానట. ఎంపిక చేశారు. ఇంట్లో అందరికీ సంతోషం. నాకు మాత్రం బుట్ట రెండో పిడి ఎవరు పట్టుకుంటారనే ఒక్క ఆలోచన తప్ప ఇంకేదీ లేదు. వెళ్లనని చెప్పడానికి సాకులు వెతికాను. హాస్టలు తిండి పడదన్నాను. బాపు, "ఇంట్ల మాత్రం ఏం తింటున్నవే?" అన్నాడు.

అది మాలలు వేసుకునే కాలం. భజన క్యాసెట్లు అమ్ముడుపోయే కాలం. సీడీలు వచ్చి క్యాసెట్లను కొట్టేస్తున్న మాట నిజమే, కానీ మా ఊళ్లలో ఇంకా ప్రతి ఇంట్లో టేపు రికార్డరు ఉంది. ఆ రోజు కూడా కౌంటరు దగ్గర నల్లబట్టల స్వాములు నిలబడి ఉన్నారు. నేను వెళ్లేసరికి బీరువాలు సగం ఖాళీగా, నేల మీద అట్టపెట్టెలు ఉన్నాయి. పటేలు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పెద్దబాపు ఆయనతో, "ఇగ క్యాసెట్ల జమానా అయిపోయింది పటేలా. మీ బాపు మాట మీరు తప్పలే, నేనే ఒప్పజెప్తున్న. తీస్కో" అంటున్నాడు. పటేలు మొహంలో గెలుపు కనిపిస్తుందేమో అని చూశాను. మనిషి తడబడ్డాడు. "ఇంకొన్నొద్దులు నడుపరాదే" అన్నాడు, ఎందుకన్నాడో ఆయనకే తెలియనట్టు. ఊరంతా ఆ మాటే నమ్మింది. క్యాసెట్ల కాలం అయిపోయిందని చెబితే ఎవరు కాదంటారు? పటేలు వెళ్లాక నేను పెద్దబాపు ముందుకు వెళ్లి, "నేను పోతున్ననని బంద్ చేస్తున్నవా?" అని అడిగాను. ఆయన టక్కున మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. భుజం తట్టాను, కౌంటరు గుద్దాను. తిరగలేదు. నాతో ఆయన చెవిటివాడిలా ప్రవర్తించింది ఆ ఒక్కసారే.

రోడ్డు ఆయనను ఏమీ చేయలేదు. నేను పట్నం వెళ్లాక తొలి సెలవు రాకముందే జ్వరం వచ్చింది, దవాఖానాలో పోయాడు. హాస్టలు వార్డెను నన్ను ఫోను దగ్గరికి పిలిచినప్పుడు, బాపు గొంతు వినగానే, "రోడ్డు మీదనా?" అన్నాను. "ఏం రోడ్డు బిడ్డా? జరం" అన్నాడు బాపు, ఏమీ అర్థం కాక. అంతకాలం భయపడింది ఒకటి, జరిగింది ఒకటి. అయినా ఆ భయం పనైపోయిందని నన్ను వదిలి వెళ్లలేదు. ఇప్పుడు ఆ రోడ్డు వెడల్పయింది, షట్టర్ల వరస లేదు, దుకాణం ఉన్న చోట ఏముందో బస్సులోంచి చూస్తే తెలియదు. కాలం చాలా ముందుకు పోయిందని అందరూ అంటారు. నా లెక్కలో అది ఒక బస్సు కదిలినంతే పోయింది.

నేను శిక్షణకు పట్నం బయలుదేరిన రోజు పొద్దున నన్ను బస్సు ఎక్కించడానికి పెద్దబాపే వచ్చాడు. బాపు వస్తానంటే వద్దన్నాడు. మొయినాబాద్‌లో మా ఇల్లు రోడ్డుకు ఇవతల, పట్నం బస్సు ఆగేది అవతల. నా బట్టల సంచి నిజంగానే బరువుంది. ఒక పిడి ఆయన, ఒక పిడి నేను పట్టుకుని దాటాం. బస్సు వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాక, ఆయన ఇప్పుడు ఒక్కడే తిరిగి దాటాలని గుర్తొచ్చింది. ఏమీ అనాల్సిన పని లేదు, ఆయన నా మొహం చదువుతున్నాడు. బస్సు కదిలింది. తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు కదా, బస్సులో ఉన్నవాళ్లందరూ తిరిగి చూసేట్టు అరిచాడు:

"నీ బస్సు కనవడుతున్నంతసేపు నేను రోడ్డు దాటనే దాట. ఫికర్ చెయ్యకు, నువ్వు పైలంగ పో బిడ్డా."